పసుపు లైట్లు సరిచేసిన రోజు

దియెంగ్ కొండల మీద మధ్యాహ్నం దాటిందో లేదో మంచు దిగుతుంది. బంగాళదుంప చేలు, వాటి నడుమ మెలికలు తిరిగే రోడ్డు, చివరికి చాచిన మన చెయ్యి కూడా అందులో కలిసిపోతాయి. ఆ రోడ్డు మీదే సుమర్సి ఇరవై రెండేళ్ళుగా పురుళ్ళు పోయడానికి తిరుగుతోంది. ఏ పల్లెలో ఏ ఇంటి గుమ్మం ఎత్తో, ఎవరి కుక్క కరుస్తుందో ఆ నర్సమ్మకు తెలుసు.

ఆమె మోటారు సైకిలుకు హెడ్‌లైటు కింద రెండు పసుపు లైట్లున్నాయి. మంచులో తెల్లటి వెలుగు గోడకు కొట్టినట్టు తిరిగొచ్చి కళ్ళలోనే పడుతుంది. పసుపు వెలుగు నేలబారుగా పడితే రోడ్డు అంచున గీతైనా కనిపిస్తుంది. వాటిని బిగించింది ఆమె భర్త ప్రముజో. అయిదేళ్ళ కిందట సముద్రం అవతలి కాలిమంతాన్‌కు పామాయిల్ తోటల పనికి వెళ్తూ, ప్రయాణానికి ముందు బిగించాడు. "ఎక్కి కూర్చో, కదలకు" అని ఆమెను సీటు మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా గోడ మీద లైట్ల ఎత్తుకు సుద్దగీత గీసి, వెలుగును ఆ గీతకు బెత్తెడు కిందికి దించాడు.

రెండేళ్ళు గడిచాక అతను అక్కడే మరొకామెను పెళ్ళి చేసుకున్నాడు. ఆ కబురు అతని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. సుమర్సి ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళకు "పండక్కొస్తాడు" అనేది. పండగ వెళ్ళిపోతే "సెలవు దొరకలేదట" అనేది. ప్రతి శుక్రవారం అతని నీలం చొక్కా ఉతికి, వీధిలోకి కనబడేలా ఆరేసేది.

ఈసారి వానలకు రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన రాళ్ళలో బండి జారింది. మోకాలు గీరుకుపోయింది. లైట్లు వంకరపోయి పైకి లేచాయి. పాత ట్యూబు ముక్కతో కట్టుకుని అలాగే తిరిగింది.

గురువారం పై పల్లెలో ఒక బాలింతను చూసి దిగుతుంటే, మలుపులో క్యాబేజీల వ్యాను ఎదురొచ్చింది. కీచుమని బ్రేకు పడింది. వ్యాను ముందు చక్రం కాలవలోకి దిగింది. క్యాబేజీలు దొర్లుకుంటూ మంచులోకి పోయాయి.

"ఎవర్రా అది! లైట్లు రోడ్డుకి పెట్టావా, పైనున్న దేవుడికి పెట్టావా?"

అరుస్తూ దిగిన డ్రైవరు వర్తోయో, దగ్గరికొచ్చి తగ్గిపోయాడు. అతని ఇద్దరు పిల్లలకూ పురుడు పోసింది ఆమే.

"మీరా నర్సమ్మా! కళ్ళు బైర్లు కమ్మాయండీ. ఇంకో మూర పక్కకి పోతే నేనూ క్యాబేజీలూ లోయలోనే."

"తప్పు నాదే బాబూ."

"ప్రముజో అన్న వచ్చాక సరిచేయించుకోండి."

"ఆ, పండక్కొస్తాడుగా."

అతను ఆమె ముఖం వంక చూడకుండా క్యాబేజీలు ఏరడం మొదలుపెట్టాడు. ఆమె కూడా వంగి, మంచులో తడుముకుంటూ ఏరింది.

మర్నాడు మంచు దిగి పెరడు మసకబారగానే బండిని గోడకెదురుగా నిలిపి, లైట్ల ఎత్తుకు సుద్దగీత గీసింది. ఎక్కి కూర్చుంటే వెనక భాగం కుంగి వెలుగు పైకి లేస్తోంది. మర తిప్పడానికి దిగితే వెలుగు కిందికి పడిపోతోంది. సీటు మీద బంగాళదుంపల మూట పెట్టి చూసింది. బండి ఒరిగి, మూట జారి, దుంపలు పెరడంతా దొర్లాయి.

"ఏమే, ఇందాకట్నించీ దాంతో కుస్తీ పడుతున్నావ్?" కంచె అవతల నుంచి గినా అవ్వ కేకేసింది.

"లైట్లు దించాలవ్వా. కూర్చోడానికొకరు, మర తిప్పడానికొకరు కావాలి."

"ఓస్, అంతేనా? జరుగు."

అవ్వ లుంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి బండెక్కింది. కాళ్ళందలేదు. సుమర్సి పాదాల కింద చెరో ఇటుకా పెట్టింది.

"నా బరువెంతే, తడిసిన కోడంత! ఆ మూట కూడా నా ఒళ్ళో పెట్టు. ఇదిగో, నన్నుగానీ పడేశావో, ఈ వయసులో నాకు పురుడు పొయ్యాల్సొస్తుంది."

సుమర్సి నవ్వింది. లైట్ల ముందు గొంతుక్కూర్చుని మర తిప్పుతూ, తల ఎత్తకుండానే అంది:

"అవ్వా, అతను రాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు."

"తెలుసే."

ఆమె చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఎప్పట్నించి?"

"నీకు చెప్పిన వారానికే వాడి తమ్ముడు మా ఆయనకీ చెప్పాడు. ఊరందరికీ తెలుసు."

"మరి పండక్కొస్తాడా అని అడుగుతారేం?"

"నువ్వొస్తాడంటుంటే రాడని మేమెట్టా అంటామే? ఆ చొక్కా ఆరేసినప్పుడల్లా మా ఆయన అటు చూడలేక లోపలికి పోయేవాడు." అవ్వ ఒళ్ళోని మూట సర్దుకుంది. "కుడిచేతి వైపుది ఇంకా పైకే ఉంది, చూడు."

సుమర్సి దాన్ని కూడా దించింది. రెండు వెలుగులూ గీత కింద ఒకే ఎత్తున నిలిచాయి. మరలు బిగించి అవ్వను దించింది. టీ పెడతానంటే, "ముసలాయన అన్నానికి చూస్తుంటాడు" అంటూ అవ్వ వెళ్ళిపోయింది.

సుమర్సి దుంపలన్నీ ఏరి మూటకట్టింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆమెకు తోడుగా ఒక అబద్ధమైనా ఉండేది. ఇప్పుడదీ లేదు. ఎవరి ముందు తల ఎత్తుకుని తిరిగిందో వాళ్ళందరూ మూడేళ్ళుగా ఆమెను చూసి జాలిపడుతున్నారు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఆ వారమే పై పల్లెలో మరో కాన్పు. ఆడపిల్ల పుట్టింది. బాలింత అత్తగారు ఉడికించిన దుంపలు వేడివేడిగా అరిటాకులో చుట్టి ఇచ్చింది. దిగేటప్పుడు మంచు మరీ దట్టంగా ఉంది. పసుపు వెలుగులో పది అడుగుల రోడ్డు, పక్కన తెల్లగీత స్పష్టంగా కనిపించాయి. ఎదురొచ్చిన ఒక లారీ ఇబ్బంది లేకుండా పక్కకు తప్పుకుని పోయింది.

వెడల్పుగా ఉన్న చోట బండి ఆపి, లైట్లు ఆర్పకుండానే, పొట్లం విప్పుకుని రోడ్డు పక్క దిమ్మ మీద కూర్చుంది. దుంపకు ఉప్పు సరిపోయింది. ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. తిన్నంత తిని, మిగిలింది సంచిలో పెట్టుకుని, చేతులు దులుపుకుని ఇంటికి బయలుదేరింది.