ఏడు గంటల వీడియో

2022 మే నెల, కడప. నాకు నిశ్చయంగా తెలిసినవి ఏవో, చెప్పగా విన్నవి ఏవో ముందే వేరుచేస్తాను. ఒక మగ్గం వర్కు దుకాణంలో ఒక ట్యాబ్ ఉండేది. అందులో రోజుకు ఏడు గంటలకు పైగా వీడియోలు నడిచినట్టు వినియోగ నివేదిక చూపింది. ఈ రెండూ నేను స్వయంగా చూసినవి. అక్కడి పనివాళ్లలో సీనియర్ అయిన మస్తాన్‌బీ పని మానేసి ఆ వీడియోలు చూస్తోందన్నది దుకాణం యజమాని సుబ్బయ్య శెట్టి గారి మాట. ఆ మాటనే నిపుణుడి సాక్ష్యంగా కాగితం మీద రాసివ్వమని ఆయన ట్యాబ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు, ట్యాబ్‌లు బాగుచేస్తున్నాను. ట్యాబ్‌లు అమ్మడానికి వచ్చే ప్రతినిధులు, ఇక టీవీ, కంప్యూటర్, పుస్తకం మూడూ ఈ పలకే అని చెప్పిపోయేవారు. నాకు అప్పటినుంచే ఒక అనుమానం ఉండేది. పనీ వినోదమూ ఒకే పలక మీదికి వస్తే, ఏది ఏదో పక్కనుంచి చూసేవాడికి తెలిసేదెట్లా?

శెట్టిగారికి అలాంటి అనుమానమేమీ లేదు. "ఏమప్పా, మిషనే చెప్తాండాది కదా. ఇంక నీకు రాసేదానికి ఏం కష్టం?"

"ఏ యాప్ ఎంతసేపు తెరిచి ఉందో చెబుతుంది శెట్టిగారూ. ఎవరు చూశారో చెప్పదు."

"చూడకుండా ఎవరన్నా ఏడు గంటలు ఆడిస్తారా? సోమవారం నుంచి రావద్దని చెప్పేస్తాండా. ఊరికే చెప్తే నలుగురూ నన్నే అంటారు. నీ కాగితముంటే నోరెత్తరు."

ఆ కాగితం ఆయన బల్ల సొరుగులోనే ఉండిపోదని నాకు తెలుసు. కడపలో మగ్గం పనివాళ్లను పెట్టుకునేవాళ్లందరూ ఒకరికొకరు ఎరిగినవాళ్లే. పనిదొంగ అన్న పేరు బద్వేలు దాకా ఆమెకంటే ముందే వెళుతుంది. ఆ తరువాత ఆమెకు మగ్గం చట్రం ముందు చోటిచ్చేవారు ఉండరు.

నివేదికను మళ్లీ తెరిచాను. శెట్టిగారు మొదటి వరుస చూసి ఆగిపోయారు. రెండో వరుసలో ఫొటోల యాప్ ఉంది. అది కూడా ఏడు గంటలే. రెండూ కలిపితే పద్నాలుగు. దుకాణం తెరిచి ఉండేది తొమ్మిది గంటలు. అయితే నివేదిక తప్పయినా అయి ఉండాలి, లేదా రెండు యాప్‌లు ఒకేసారి తెరిచి ఉండాలి. తెరను రెండుగా చీల్చి, చెరొక భాగంలో ఒక యాప్ నడిపే వీలుంది. దాన్ని స్ప్లిట్ స్క్రీన్ అంటారు. చూడకుండా రాయనని చెప్పి, మరునాడు దుకాణానికి వెళ్లాను.

మగ్గం వర్కు తెలియని పాఠకులకు ఒక మాట. బట్టను చట్రానికి బిగించి, కొక్కెం వంటి ఆరీ సూదితో జరీ, పూసలు కుడతారు. ఒక చేయి పైన సూదిని నడుపుతుంటే, రెండోది బట్ట కింద దారం అందిస్తుంది. డిజైను ఒకప్పుడు కాగితం మీద ఉండేది. ఇప్పుడు పెళ్లివారు ఫొటో పంపుతారు, ట్యాబ్‌ను చట్రం తలవైపున నిలబెడతారు.

మస్తాన్‌బీ తల ఎత్తకుండా కుడుతోంది. తెర మీద కింది భాగంలో నెమలి డిజైను ఉంది. పైన సన్నటి పట్టీలో, శబ్దం లేకుండా, అద్దాల తొట్టిలో చేపలు తిరుగుతున్నాయి.

"చేపలెందుకమ్మా?"

"మనుషుల్ని పెడితే కన్ను ఆడికే పోతాది సార్. చేపలయితే వాటి పాటికి అవి తిరుగుతాంటాయి."

"అసలు వీడియో ఎందుకని?"

"ఉత్త బొమ్మ పెడితే ఆరిపోతాండాది. ఒక రెక్క కుట్టేలోపల నల్లగయిపోతాది. తట్టాలంటే చెయ్యి తీయల్ల, చెయ్యి తీస్తే కింద దారం వదులయిపోతాది. వీడియో ఆడతాంటే ఆరిపోదని మా ఆడబిడ్డ చెప్పింది."

"ఆరిపోయే టైము పెంచమని అడగలేదా?"

"అడిగినా. దానికి తాళమేసినారంట. ఎవరో రిపేరాయప్ప ఏసినాడు, ఆయప్పే తీయల్ల అన్నారు."

ఆ రిపేరాయప్ప నేనే. అంతకు ముందు ఏడాది ట్యాబ్ కొన్నప్పుడు, ఛార్జింగ్ మిగలాలని ముప్పై సెకన్లకే తెర ఆరిపోయేటట్టు పెట్టమనీ, పనివాళ్లు కెలకకుండా సెట్టింగ్స్‌కు తాళం వేయమనీ శెట్టిగారు అడిగారు. రెండూ చేసిచ్చాను. దేనికి వాడతారని మాత్రం అడగలేదు.

ఆమె మాటనూ అట్లాగే ఒప్పుకోలేదు. డిజైను ఒక్కటే తెరిచి ఐదుసార్లు చూశాను. ఐదుసార్లూ ముప్పై సెకన్లకే తెర ఆరింది. చేపలతో కలిపి గంటసేపు ఉంచాను, ఆరలేదు. నివేదికలో రెండు వరుసలకూ సరిగ్గా ఒక్కొక్క గంట చేరింది.

ఈ పరీక్షనే కాగితం మీద రాసిచ్చాను. శెట్టిగారు రెండుసార్లు చదివారు.

"అంటే తప్పు నాదేనంటావా?"

"తాళం మీరు వేయమన్నారు, నేను వేశాను. ఆమె ఆ తాళంతోనే పని చేసుకుంది."

సోమవారం మస్తాన్‌బీ పనికి వచ్చింది. తెర ఆరకుండా నేనే మార్చి వచ్చాను. వారం తరువాత చూస్తే వీడియోల వరుస ఖాళీ. "చేపల్ని పంపించేస్తిరి సార్," అంది, "ఇప్పుడు సేటు ముఖం తప్ప చూసేదానికి ఏమీ లేదు."

తెర వెలిగి ఉండటం వేరు, దాన్ని ఒకరు చూడటం వేరు అని ఈ ఉదంతం నాకు నేర్పింది. యంత్రం కొలిచేది మొదటిదాన్నే. రెండోదాన్ని మనమే దానికి అంటగడతాము.

తేలనిది ఒకటి మిగిలింది. అదే నివేదికలో ఒక ఆదివారం రెండు గంటల వీడియో ఉంది, ఫొటోల వరుసలో ఏమీ లేదు. కాబట్టి అది చేపల పద్ధతి కాదు. ఆ రోజు ఏమేమి చూశారో తెలిపే జాబితా తుడిచేసి ఉంది. ఆదివారం దుకాణం సెలవు. ట్యాబ్ బీరువాలో ఉంటుంది, తాళంచెవి శెట్టిగారిది. అడిగాను.

"రెండో తాళంచెవి కూడా ఉండాది లేప్పా," అన్నారు. "యాడ పెట్టినానో యాదికి లేదు."

ట్యాబ్ తెరవడానికి తెర మీద వేలితో గీసే గీత దుకాణంలో అందరికీ తెలుసు. వేళ్లు ఎవరివో ట్యాబ్‌కు తెలియదు. చాలని ఆధారంతో మస్తాన్‌బీ మీద రాయనన్నవాణ్ణి, అంతే ఆధారంతో మరొకరి మీదా రాయలేను. అందుకే ఆ ఆదివారం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.