సారు వెయ్యని చేతిగుర్తు

ఈమధ్య చాయ్ హోటల్లో ఇచ్చే బిస్కెట్లు చాయ్‌లో ముంచీ ముంచగానే విరిగి గ్లాసు అడుగుకు పోతున్నాయి. మునుపు ఇట్లా ఉండేవి కావు. పోయిన నెల ఓ పొద్దున ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదురుగా కూర్చుని, మునిగిన ముక్క కోసం చెంచా అడిగాను. హోటలాయన చెంచా ఇవ్వలేదు. నా భుజం మీద చేయి వేశాడు.

"తాతా, మీ ప్రిన్సిపాల్ సారు పోయిండట. కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట."

గ్లాసు అట్లాగే వదిలేసి లేచాను.

ఆయన నడిపిన డిగ్రీ కాలేజీకి నేను గేటు కాపలా. నేను చదివింది ఐదో తరగతి, అది కూడా మధ్యాహ్నం బెల్లు దాకానే. ఆయనేమో మా ఊరి కాలేజీకి వేరే దేశాల పిల్లలను తేవాలని పట్టుబట్టిన మనిషి. అందరూ నవ్వారు. నేను ఇంకాస్త ఎక్కువ నవ్వాను.

"సారూ, నందిపేట్ పిల్లలే ఆటో దొరుకలేదని వస్తలేరు. గా దేశపోళ్లు ఏ ఆటోల వస్తరు?"

"నువ్వు గేటు తియ్యి తాతా. ఆటో సంగతి నేను జూస్త."

చూశాడు కూడా. బయటి దేశాల కాలేజీలకు ఉత్తరాలు రాశాడు. అక్కడ చదివింది ఇక్కడ, ఇక్కడ చదివింది అక్కడ చెల్లేటట్టు కాగితాలు కుదిర్చాడు. మా లెక్చరర్లు ఒక్కొక్కరూ స్క్రీన్ ముందు నిలబడి ఆ దేశాల పిల్లలకు పాఠం చెప్పాల్సిందే అన్నాడు. వచ్చిన పిల్లలను నేరుగా హాస్టల్‌కు పంపేవాడు కాదు, మొదటి వారం పసుపు రైతుల ఇళ్లలో ఉంచేవాడు. "ఇంకో దేశం మన కాలేజీకి రావాలంటే, ముందుగాల మన వంటింట్ల కూసోవాలె" అనేవాడు.

ఆ పిల్లల కోసం ఒక గది ఉండేది. కొత్తవాళ్లు వచ్చిన రోజు ఆ గది లోపలి గోడ మీద, చేయి పట్టేటంత జాగాలో నాతో తడి సున్నం పూయించేవాడు. వచ్చినవాళ్లు పసుపు ముద్దలో అరచేయి అద్ది అక్కడ గుర్తు వెయ్యాలి. ఎండిన సున్నం మీద పసుపు పచ్చగానే ఉంటుంది. తడి సున్నం మీదైతే ఎర్రబడుతుంది. టాంజానియా నుంచి వచ్చిన మొదటి పిల్లాడికి ఈ సంగతి తెలియదు. చేయి తీసేసరికి గోడ మీద నెత్తుటి రంగు. పాపం, తన అరచేయి తిప్పి తిప్పి గాయం వెతుక్కున్నాడు. నేను ముందే చెప్పొచ్చు, కానీ చెప్పలేదు. సారు ఆ పిల్లాడి చేయి పట్టుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పి, నా వైపు తిరిగాడు. "గోడ నిన్ను గుర్తువట్టింది అని చెప్పిన తాతా. నువ్వు నవ్వుడు బంద్ జెయ్యి."

అట్లా పదకొండు చేతులయ్యాయి. సారు మాత్రం తన చేయి వెయ్యలేదు. ఆయన కుడిచేతికి చిటికెన వేలు లేదు, చిన్నప్పుడు పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ములో పడి తెగిపోయింది. అందుకు సిగ్గా అని ఏడిపిస్తే, "నేను యాడికెళ్లి వచ్చిన తాతా? యాడికన్న పోయినప్పుడు ఏస్తలే" అనేవాడు.

రోజూ పొద్దున వచ్చి ఒక్కో గుర్తు మీద అరచేయి ఆనించేవాడు. ఒకరోజు ఒకదాని దగ్గర ఆగిపోయాడు.

"తాతా, గిది సల్లగున్నది."

నేనూ చేయి పెట్టి చూశాను. గోడ ఎట్లా ఉందో అదీ అట్లాగే ఉంది. "ఫ్యాన్ బంద్ జెయ్యాల్నా సారూ?" అన్నాను. ఆయన నవ్వలేదు, ఫోన్ చేశాడు. ఆ గుర్తు వేసిన అమ్మాయి చదువు ముగించుకుని ఎప్పుడో తన దేశం వెళ్లిపోయింది. రెండు రోజులుగా దవాఖానాలో ఒంటి మీద తెలివి లేకుండా ఉందట. ఆనాటి నుంచి ఆ గోడ ముందు నేను పరాచికాలాడలేదు.

సారు పోయిన వారానికే కరెస్పాండెంట్ గారు ఆ గోడ ముందు నిలబడ్డారు. "గిదంత సారుతోనే పోయింది. ఇథియోపియా పిల్లకు రావద్దని రాయుండ్రి. గోడకు రంగు ఏయుండ్రి."

ఆ పిల్లది సారు చేతి మీదుగా జరిగిన చివరి అడ్మిషన్. ఇక్కడి సీటు కోసం ఆమె అక్కడి సీటు వదులుకుంది. ఇప్పుడు వద్దంటే ఏడాది పోతుంది. వాళ్లమ్మకు సారు స్క్రీన్‌లో మాటిచ్చినప్పుడు నేను పక్కనే చాయ్ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ పిల్ల చేయి కోసం సారు గోడ మీద పెన్సిల్‌తో సున్న కూడా చుట్టి పెట్టాడు.

సోమవారం పొద్దున చూస్తే, ఆ సున్నలో ఎర్రటి చేయి. చిటికెన వేలు లేదు.

కరెస్పాండెంట్ గారు స్టాఫ్ అందరినీ నిలబెట్టి వేళ్లు లెక్కబెట్టారు. నావీ చూశారు. పదీ ఉన్నాయి.

"నిన్న ఐతారం లోపటికి ఎవలన్న వచ్చిండ్రా తాతా?" గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఐతారం ఎప్పటికి వచ్చేది మన సారే గదా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన చాలాసేపు ఆ చేతినే చూశారు. రంగు డబ్బాలు వెనక్కి పోయాయి. ఉత్తరం ఎవరూ రాయలేదు.

ఆ పిల్ల మొన్న వచ్చింది. సున్న పక్కన తడి సున్నం పూశాను. గుర్తు వేసి, పక్కనున్న చేతిని చూపించి ఎవరిదని సైగ చేసింది. నేను తలుపులోంచి కనబడే సారు ఖాళీ కుర్చీ వైపు చూపించాను.

ఇక దాచేది ఎందుకు? ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, పసుపు కలుపుకుని, చిటికెన వేలు మడిచి ఆ గుర్తు వేసింది నేనే. కరెస్పాండెంట్ గారు ఇది చదివి తిడితే పడతాను. కానీ ఒక్క మాట. అక్కడ సున్నం పూసి ఏడాది దాటింది. ఎండి గట్టిపడిపోయింది. ఆరోజు నేను తడి సున్నం ముట్టుకోనే లేదు.

గది తాళం వేసి వచ్చేటప్పటికి ఆ చేయి పచ్చగానే ఉంది.