చిగుళ్లకు కుట్లతో అమ్మను సాగనంపిన మా దానియేలు అన్న

నిన్న పొద్దున చర్చికి వెళ్దామని చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. వదిన ఫోన్.

"మీ అన్న పోయిండు మేరీ."

ఇంకేదో చెప్పింది. నాకు వినపడలేదు. చీర కాలిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

మీలో చాలామందికి ఆయన పెళ్లి బ్యాండ్‌లో క్లారినెట్ వాయించే దానియేలు. నాకు మాత్రం నాన్న లేని ఇంట్లో నాన్నలా నిలబడ్డ అన్న. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా రెండు గదుల ఇంట్లో ఆయన ప్రాక్టీస్ చేస్తుంటే, అమ్మ బియ్యం ఏరుతూ వినేది.

ఒక సంగతి చెప్పాలి. మా పిల్లలకు కూడా తెలియదు.

ఎనభైల మొదట్లో అన్నకు కింది ముందు పళ్ల దగ్గర చిగురు జారిపోయింది. పంటి వేరు బయటికి కనపడేది. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనేది. క్లారినెట్ ఊదాలంటే కింది పెదవి ఆ పళ్ల మీదే ఆనాలి. ఊది ఆపితే నోట్లో రక్తం.

"పీకించుకో, పళ్ల సెట్టు పెట్టించుకో" అన్నారు బస్తీలో అందరూ.

పళ్లు పోతే పెదవికి పట్టు పోతుంది. ఇక బ్యాండ్ లేనట్టే.

మలక్‌పేటలో గుంటూరు నుంచి వచ్చిన ఒక డెంటిస్ట్ గారు ఉండేవారు. నోరు చూసి నిజం చెప్పారు.

"అంగిట్లోంచి పల్చటి ముక్క తీసి, చిగురు జారిన చోట కుడతానయ్యా. అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు."

"నా నోట్లెదే కోసి నా నోట్లనే కుడతరా సార్?"

"అవును. నేను చెప్పేదాకా ఊదకూడదు. ఊదితే కదిలిపోద్ది."

ఆపరేషన్ అయింది. కుట్టిన చోటికంటే అంగిట్లో కోసిన చోటే ఎక్కువ మంట. జావ కూడా చల్లార్చుకుని తాగేవాడు.

అమ్మకు అప్పటికే గుండె జబ్బు. మంచంలోంచే అన్నను కాపలా కాసేది. ఆయన క్లారినెట్ పెట్టె వైపు చూస్తే చాలు...

"డాక్టర్ చెప్పేదాంక దాన్ని ముట్టకు బిడ్డా. నా పాట యాడికి పోతది? మల్ల వింట."

ఆ వారంలోనే అమ్మ పోయింది.

కుట్లు ఇంకా విప్పలేదు.

తన సమాధి దగ్గర కొడుకు తనకిష్టమైన కీర్తన వాయించాలని అమ్మ ఎప్పుడూ అంటుండేది. సమాధుల తోటలో అన్న పెట్టె తెరిచాడు. బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించే గఫూర్ భాయ్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నక్కో రే దానియేల్. అమ్మ వద్దన్నది కదా. మై బజాతూఁ."

ఆ కీర్తన భాయ్ మా గుమ్మంలో కూర్చుని ఎన్నోసార్లు విన్నదే. తనే ట్రంపెట్ మీద వాయించాడు. అన్న పక్కనే నిలబడి, క్లారినెట్ ఛాతీకి ఆనించుకుని, ఊదకుండా వేళ్లు మాత్రం కదిలించాడు. పాట అయ్యేదాకా.

కన్నీళ్లు పెదవి మీదికి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

కుట్లు విప్పిన రోజు డాక్టర్ గారు అద్దం చూపించారు. "అతుక్కుందయ్యా! చూడు, రంగు కూడా వచ్చింది."

అన్న ఏడ్చాడు. "గీ జరంత ముక్క కోసం అమ్మను నా పాట లేకుండ సాగనంపిన సార్."

డాక్టర్ గారు పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయారు.

ఇక ఊదవచ్చని చెప్పిన రోజు, అన్న ఇంటికి పోకుండా, తోడు వెళ్లిన నన్ను వెంటపెట్టుకుని సిటీ బస్సులో సమాధుల తోటకు వెళ్లాడు. పెదవికి పట్టు దొరకలేదు. స్వరం చీలింది. ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. చివరిదాకా వాయించి, వంగి మట్టి తడిమాడు.

"లేటయింది అమ్మా. గుస్స కాకు."

ఆ తర్వాత ఎన్ని బరాత్‌లు వాయించాడో! నా పెళ్లి ఊరేగింపులో ముందు నడిచిందీ ఆయనే. ఆ చిగురు మళ్లీ ఇబ్బంది పెట్టలేదు.

కిందటేడు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మెట్లు ఎక్కలేకపోయేవాడు. మొన్న ఫోన్‌లో, "పండ్లు మస్తుగున్నయ్ చెల్లే, దమ్మే లేదు" అని నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు తెర వచ్చింది. మళ్లీ చేస్తానని పెట్టేశాడు.

చేయలేదు.

ఇక ఏ బరాత్ ముందూ నడిచే పని లేదన్నా. దేవుని దగ్గర దమ్ము నిండా పీల్చుకో. నెమ్మదిగా నిద్రపో.