నాలుగు తొమ్మిదుల ఫోన్లు

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక నాలుగు తొమ్మిదులు రాసి ఉన్న పాత లారీ ఒకటి నా ముందునుంచే పోయింది. పిల్లలు పెద్దయ్యాక, నలభై దాటిన వయసులో, నేను మొదటిసారి ఉద్యోగంలో చేరింది ఆ లారీల ఆఫీసులోనే. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడమీద రెండు గదులు. ఫోన్లు ఎత్తి, అడిగినవాళ్లకు లారీ కుదర్చడం నా పని. ఓనరుది అల్మాస్‌గూడలో పొలాలున్న కుటుంబం, నాకంటే చిన్నవాడు, మొదటి రోజునుంచే అక్కా అని పిలిచేవాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ చుట్టమంటూ లేని నాకు ఆ పిలుపు ఎంత ధైర్యమో చెప్పలేను.

పాత ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించిన కొన్నాళ్లకు, హయత్‌నగర్ వ్యాపారి ఒకాయన మెట్లెక్కి వచ్చి, "నిన్న ఫోన్ చేస్తే మీ మేడమే లారీల్లేవన్నది గదా" అని ఓనరును నిలదీశాడు. ఆ పూట లారీలన్నీ కింద ఖాళీగానే ఉన్నాయి, నాకు ఆ ఫోనే రాలేదు. తరువాత ఇంకొకాయన వచ్చి అదే మాట అన్నాడు. ఆఫీసులో ఫోన్ ఎత్తే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఓనరు పల్లెత్తు మాట అనలేదు గానీ, నేను మాట్లాడుతుంటే చెవి ఇటే పెట్టేవాడు, నా సెల్ మోగితే "ఎవరు మేడం?" అని అడిగేవాడు. ఒళ్లు మండేది, అన్నం సహించేది కాదు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఆ ఫోన్లు బిగించిన అతని బావమరిదిని మనసులో రోజూ దొంగను చేసేదాన్ని.

చివరికి తెగించి, ఒకరోజు ఓనరు ఎదురుగానే నిలబడి నా సెల్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేశాను, ఎవరినీ ఎత్తనివ్వలేదు. బల్లమీది ఫోను మోగి మోగి ఆగింది. నా సెల్‌లో మాత్రం ఎవరో ఆవిడ, అచ్చం మా వైపు యాసలో, "లారీలు లేవండీ" అంది. ఓనరు వెంటనే ఫోన్ల మెకానిక్‌ను పిలిపించాడు.

చంపాపేట్ నుంచి వచ్చిన మెకానిక్ మొదట అడిగింది పాస్‌వర్డు. ఓనరుకు అచ్చొచ్చిన నంబరు, నాలుగు తొమ్మిదులు, అన్ని ఫోన్లకూ అదే. ప్రతి లారీ వెనకా రంగులేసి ఊరంతా తిప్పుతున్నదీ అదే. దాంతో ఎవరో బయటినుంచి సెట్టింగుల్లోకి దూరి, ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే తమకు పోయేలా మార్చుకుని మా బేరాలు చెడగొట్టారు. అతను అన్నీ చెరిపేసి, ఫోన్లను కంప్యూటర్ల నుంచి వేరే లైనుకు మార్చి, బయటి దారి మూసి, ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు పెట్టి మళ్లీ బిగించాడు. ఆ దొంగలెవరో తెలియలేదు. కొత్త పాస్‌వర్డులు ఓనరు నాకు చెప్పలేదు. నన్ను అనుమానించినందుకు మాత్రం, "ఏమనుకోకుండ్రి మేడం, గట్ల అనిపించింది" అన్నాడు అంతే.

ఇప్పుడు మా ఇంట్లోనే ఒకరి ఫోను ఇంకొకరు తెరవలేరు, అదే మంచిదంటారు, కాదనను. ఆ ఆఫీసులో ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను, ఒక్క ఫోనూ దారి తప్పలేదు. మానేసిన రోజు ఓనరు శాలువా కప్పి నాలుగు మంచి మాటలు చెప్పాడు, ప్రతి మాటకూ మేడం అన్నాడు. మెట్లు దిగేదాకా, వెనకనుంచి ఒక్కసారైనా అక్కా అంటాడేమోనని చూశాను.