పిన్ని నొక్కమన్న బటన్

మా పిన్ని పోయిందని చిన్నాన్న ఫోన్ చేసినప్పుడు నేను శ్రీకాకుళంలో మా ఆఫీసులో కూర్చుని ఆవిడ గొంతే వింటున్నాను. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవికి ఫోన్. "మీ పిన్ని ఎల్లిపోనాదమ్మా" అన్నాడాయన. ఇటు కంప్యూటర్లో ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఆపాలని కూడా తోచలేదు. ఆ రెండు గొంతులూ కలిసిపోయిన అరనిమిషం నన్నింకా వదల్లేదు.

పిన్ని నౌపడకి అవతల, సముద్రం ఒడ్డు ఊళ్లో చేపలమ్మేది. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి మొదట్లో కేకేస్తే చివరింటివాళ్లు గిన్నె పట్టుకుని బయటికొచ్చేవారు. చదువు లేదు. నేను చేసేది వాడుక పుస్తకాలు రాసే ఉద్యోగం. వేటకెళ్లేవాళ్లకి సముద్రం ఎలా ఉందో చెప్పే ఫోన్ యాప్ ఒకటి మా ఆఫీసు తయారుచేసింది. దాన్ని ఎలా వాడాలో తెలుగులో రాసింది నేను. చదవలేనివాళ్ల కోసం ఆ వాక్యాలన్నీ రికార్డు చేసి ఫోన్‌లోనే వినిపించాలన్నారు. మొదట ఎవరిదో పట్నం గొంతు పెట్టాం. రేడియో వార్తల్లా ఉందని ఎవరూ చివరిదాకా వినలేదు. అప్పుడు పిన్నిని పిలుచుకొచ్చాను.

ఫ్యాన్ ఆపేసిన గదిలో నేనొక్కో వాక్యం చెప్తే ఆవిడ తిరిగి చెప్పేది. నచ్చని మాటని మాత్రం నోట్లోకి రానిచ్చేది కాదు. 'ఎంచుకోండి' అని రాస్తే, అదేమైనా పెళ్లి సంబంధమా, 'నొక్కు' అనమని నన్నే దిద్దింది. యాప్‌లు దొరికే చోటుని అప్పట్లో ఫోన్‌లో 'మార్కెట్' అనేవారు. 'మార్కెట్‌కి వెళ్లి యాప్ తెచ్చుకోండి' అని నేను రాసింది నమ్మి, టెక్కలి మార్కెట్లో ముగ్గురిని అడిగి వచ్చిందావిడ. కొన్నాళ్లకి ఆ పేరూ మారింది. పుస్తకంలో పాత పేరు కొట్టేసి కొత్తది రాస్తుంటే పక్కనే కూర్చుని చూసింది.

"ఇనేవోడి సెయ్యి ఎక్కడున్నాదో సూసి సెప్పాలే. నీ టేబులు కాడ కూకుని సెప్తే ఎలాగ?" అంది.

నవ్వేసి తర్వాతి వాక్యం అందుకున్నాను.

తర్వాత కొత్త రకం ఫోన్లు వచ్చాయి. ముందువైపంతా అద్దమే, కింద బటన్లు లేవు. మెనూ పై మూలకెళ్లి మూడు గీతల గుర్తయింది. మా యాప్ మాత్రం 'కింద ఉన్న మెనూ బటన్ నొక్కు' అనే అంటోంది, పిన్ని గొంతుతో. మార్చవలసిన మాటల జాబితాలో అదీ ఉంది. ఒక్క మాటే కదా అని రెండు నెలలు వాయిదా వేశాను.

ఆ కార్తీకంలో ఒక ఉదయం చిన్నాన్న కొత్త ఫోన్ పట్టుకుని ఇంకో ఇద్దరితో వేటకి బయల్దేరాడు. తుఫాను హెచ్చరిక ఆ మెనూలోనే ఉంది. పిన్ని చెప్పినట్టే అద్దం కింది అంచు మీద నొక్కాడు. ఏమీ రాలేదు. భయమేమీ లేదనుకుని పడవ తోశాడు. మర్నాడు మధ్యాహ్నానికి ముగ్గురూ ప్రాణాలతో వేరే ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చారు. వల పోయింది. చిన్నాన్న భుజం విరిగింది. అంతసేపూ పిన్ని ఇసుకలోంచి లేవలేదట.

నేను వెళ్లేసరికి ఎందుకిలా అయిందో ఆవిడకి తెలిసిపోయింది. తిడుతుందనుకున్నాను. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నా నోటితో అబద్దం ఆడించీసినావే" అంది.



తప్పులన్నీ ఏరి తెమ్మని, తనే మళ్లీ చెప్తానని పట్టుబట్టింది. అప్పటికే కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తోంది. ఆ వైపు ఊళ్లలో ఆ జబ్బు ఎరగని ఇల్లు తక్కువ. ముందు తుఫాను వాక్యమే చెప్తానంది. అది చెప్పి, ఇంకో రెండు చెప్పి, ఊపిరందక గోడకి ఆనుకుంది. మిగతావి వచ్చే వారం చెప్తానంది. ఆ వచ్చే వారమే, నేను పాత వాక్యాలు ఏరుతుండగా, చిన్నాన్న ఫోన్ చేశాడు.

దినాలయ్యాక ఆయన్ని అడిగాను, మిగిలిన పాత వాక్యాలు తీసేసి వేరొకరి చేత చెప్పించనా అని. ఆయన భుజం నిమురుకున్నాడు. "తీసియ్యే అమ్మా. మీ పిన్నుంటే దగ్గరుండి తీయించును" అన్నాడు.

తీశాను. అసలు రికార్డింగులో ప్రతి వాక్యానికి ముందు "ఆఁ, సెప్పు" అనీ, తర్వాత "అయిపోనాదా?" అనీ ఉండేవి. అవి ఎవరికీ వినిపించేవి కావు, నాకు తప్ప. బస్సులో, వంటింట్లో ఇప్పుడూ వినిపిస్తాయి. అయిపోయిందని ఒక్కసారీ చెప్పలేకపోతున్నాను.

కొత్తగా చెప్పిన మూడు వాక్యాలు మాత్రం ఆవిడవే ఉంచాను. తుఫాను వాక్యం మొదట్లో ఊపిరి కోసం ఎగబీల్చిన చప్పుడు ఉంది. ఆఫీసులో కత్తిరించమన్నారు. కత్తిరించలేదు.

మొన్న తెల్లవారాక ఒడ్డుకి వెళ్లాను. గాలి బాగా ఉంది. పడవల దగ్గర పదిమంది దాకా ఫోన్లు తీశారు. ఒక్కో ఫోన్‌లో ఒక్కో క్షణం తేడాతో పిన్ని ఊపిరి పీల్చింది. "పై మూలని మూడు గీతలున్నాయి, నొక్కు" అంది, ఆ పడవ దగ్గర, ఈ పడవ దగ్గర, నా వెనకాల. బొటనవేళ్లు ఒక్కొక్కటీ పైకి కదిలాయి. ఆ పూట ఎవరూ పడవ తోయలేదు.