సొట్ట పడిన పసిఫిక్

మా సోషల్ సారు పోయిన వారం ఆళ్లగడ్డలో తన ఇంట్లో, మంచం మీద కూర్చుని పొద్దున టీ తాగుతూ చనిపోయారు. కొడవలి తగల్లేదు, కట్టె తగల్లేదు, బాంబు పడలేదు. ఆయన రాతలు చదివి ఎంతమంది ఆయన్ను నరుకుతామన్నారో నాకు తెలుసు. అందుకే కబురు వినగానే ఏడుపు కంటే ముందు నిమ్మళం కలిగింది. ఆ తరువాత ఏడ్చాను.

నంద్యాలలో మా నాయన పెట్టిన చిన్న ప్రెస్సు నుంచి మేము ఒక వారపత్రిక తెస్తాం. బడిలో నాకు భూగోళం చెప్పిన సారు, రిటైరయ్యాక ఆ పత్రికలో ప్రతి శుక్రవారం ప్రపంచం మీద అరపేజీ రాసేవారు. వెటకారం ఆయన చేతిలో సుద్దముక్క అంత మామూలుగా ఉండేది. ఒకసారి ఇలా రాశారు: "ఉత్తరాన ఒక దేశంలో ఎండాకాలం పొద్దు కుంకదు. ఆ దేశం మన తాలూకాలో ఉండుంటే కొట్లాటకు పోయినవాళ్లు ఇంటికి తిరిగి వచ్చే వేళే ఉండదు." ఇంకోసారి: "అంటార్కిటికాలో తగాదాలు లేవు. మనవాళ్లను ఇద్దరిని పంపండి. మధ్యాహ్నానికి మంచులో గట్టు వేస్తారు. సాయంత్రానికి ఆ గట్టు మీద ఒకడు పడి ఉంటాడు."

ఇంకో చోటి పాఠకులైతే నవ్వి పేజీ తిప్పేస్తారు. మావాళ్లు అలా కాదు. ఆళ్లగడ్డ టీ హోటల్లో ఒకరు పత్రికను పైకి చదువుతారు, చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కో దేశానికి ఒక్కో ఇంటిపేరు తగిలిస్తారు. పేజీ పూర్తయ్యేసరికి ప్రపంచమంతా ఆ చుట్టుపక్కల ఊళ్లలోకి దిగిపోతుంది. ఆ వెంటనే మా ప్రెస్సులో ఫోను మోగుతుంది.

"మమ్మల్ని ఎడారి దేశం అన్నాడంట గదా మీ సారు? మా బావిలో నీళ్లుండాయో ల్యావో, వచ్చి దూకి చూసుకోమను. మేమే తోస్తాం."

బనగానపల్లె నుంచి ఒకాయనకు ఇంకో రకం కోపం. "ఇన్ని దేశాలను తిట్టినాడు. మమ్మల్ని ఒక్క తూరి గూడా తిట్టల్యా. ఏమ్మా, మేం మనుషులం కాదా?"

ఈ బెదిరింపులన్నీ నేను చెబుతుంటే సారు శెనక్కాయలు ఒలుచుకుంటూ వినేవారు. "మంచిదే పాపా. చదువుతాండారు గదా. బళ్లో ముప్పై ఏండ్లు అరిచినా ఒక్కడు విన్యాడా?" అనేవారు.

తరువాత రాయి గురించి రాశారు. రెండు దేశాల నడుమ సముద్రంలో ఒక రాయి. పోటు వస్తే మునుగుతుంది, పోటు తీస్తే తేలుతుంది. తేలిన ప్రతిసారీ రెండు దేశాలూ ఓడల్లో వచ్చి జెండాలు పాతుతాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పోటు వచ్చి రెండింటినీ కొట్టుకుపోతుంది. చివర సారు ఇలా ముగించారు: "ఆ రాయి మీద గడ్డి మొలవదు. ఆ రాయి కోసం చచ్చినవాళ్లను పూడ్చడానికి దాని మీద చోటు కూడా లేదు."

ఆళ్లగడ్డ పక్కనే ఒక ఊళ్లో, వంక ఒడ్డున వానాకాలం మునిగిపోయే చేను ముక్క ఒకటి ఉందని, దాని కోసం రెండు ఇళ్లవాళ్లు ఒక తరం నుంచి నరుక్కుంటున్నారని సారుకు తెలియదు. హోటల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం బాగా తెలుసు. వాళ్లలో ఆ రెండు ఇళ్ల మనుషులూ ఉన్నారు. తమను ఎగతాళి చేశారని కూడా వాళ్లకు కోపం రాలేదు. "చిన్న జెండా మీది" అని ఒకడు అన్నాడు, అంతే. మరిగే టీ గిన్నె ఎత్తి ముఖాల మీద కుమ్మరించారు. బెంచీ కాళ్లు విరిచి తలలు పగలగొట్టారు. పగిలిన గ్లాసు ఒకటి ఆ రెండిళ్లలో ఒక ఇంటికి చెందిన మద్దిలేటి అనే అతని ఎడమ కంట్లో దిగింది. నెత్తురులో తడిసిన మా పత్రికను పోలీసులు సంచిలో పెట్టుకుని పోయారు.

మద్దిలేటిని చూడడానికి సారు నంద్యాల ఆసుపత్రికి పోయారు. మద్దిలేటి మనుషులు ఆయన్ను చొక్కా పట్టుకుని వరండాలోంచి బయటికి నెట్టారు. అక్కణ్నుంచి సారు నేరుగా ప్రెస్సుకు వచ్చారు.

"నాకా చేను సంగతి తెలీదు పాపా. తెలిసింటే రాసేవాన్ని కాదు." తల అడ్డంగా ఊపారు. "కాదులే, రాసేవాన్ని. కొట్టుకోబుద్ధి గాకుండా ఇంగా బాగా రాసేవాన్ని."

మరుసటి వారం అరపేజీ తీసుకుపోదామని నేను ఆళ్లగడ్డ వెళ్లాను. సారు రాసింది చేతికిస్తున్నారు, అంతలో మద్దిలేటి లోపలికి వచ్చాడు. కంటికి కట్టు, చేతిలో కట్టె, వెనక ఇద్దరు మనుషులు.

"సారూ, పెద్ద జెండా మాదని ఒక్క మాట రాయి. పోతాం."

"రాయను."

"అయితే చిన్నది మాదంటావా?"

"అదీ రాయను. ఏది రాసినా మల్లా హోటల్లో చదువుతారు. నీకింగా ఒక కన్నుండాది మద్దిలేటీ. అవతలోళ్లకు రెండేసి ఉండాయి. ఈ తూరి ఎవురిది పోవాల?"

మొదటి దెబ్బ బల్ల మీది రేకు గ్లోబుకు తగిలింది. అది ఎగిరి గోడకు కొట్టుకుని మంచం కిందికి దొర్లిపోయింది. రెండో దెబ్బ సారు కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను, ఇప్పటికీ ఎవరైనా చెరుకు విరిస్తే చెవులు మూసుకుంటాను. మూలనున్న గొడుగు తీసుకుని మద్దిలేటి వీపు మీద బాదాను. గొడుగు విరిగింది గానీ వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

వాళ్లు పోయాక సారు చెయ్యి గుండెకు అదుముకుని నేల మీద చతికిలబడ్డారు. నొప్పికి ముఖమంతా చెమట. కాలితో గ్లోబును దగ్గరికి లాక్కుని సొట్ట ఎక్కడ పడిందో వెతికారు.

"పసిఫిక్‌లో పడింది పాపా. ప్రాణనష్టం ల్యా. యూరప్‌లో పడింటే ఎన్ని దేశాలు పోతాండెనో."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. ఆ వేళలో నవ్వించినందుకు ఆయన మీద భలే కోపం వచ్చింది.

కేసు పెడదామంటే ఒప్పుకోలేదు. "అవతలోళ్లకు నా చెయ్యి సాకైతాది. వద్దు" అన్నారు. ముందు రాసింది పక్కన పెట్టించి, ఆసుపత్రి మంచం మీద నుంచి చెబుతుంటే నేను రాసుకున్నాను: "ఈ వారం పసిఫిక్ మహాసముద్రం మీద ఒక కట్టె పడి సొట్ట పోయింది. నీళ్లే గనక ఎవరూ చావలేదు. కొట్టినవాని చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, అదొక్కటే దిగులు." ఆ శుక్రవారం హోటల్లో చదివారట. పసిఫిక్ మాదంటే మాదని ఎవరూ లేవలేదు. ప్రెస్సులో ఫోను కూడా మోగలేదు.

మణికట్టు వంకరగానే అతుక్కుంది. అక్షరాలు గాలికి వాలిన జొన్నకంకుల్లా వచ్చేవి, వాటిని చదవడం నాకు అలవాటైపోయింది. ఆ చేత్తోనే ఏళ్ల తరబడి, చివరి వారం దాకా రాశారు.

బడిలో ఆయన చెప్పిన పాఠాల్లో నేను మరిచిపోనిది బస్సు పాఠం. "పొద్దున నంద్యాల నుంచి ఆళ్లగడ్డకొస్తే కుడిపక్క కూర్చోండి. దక్షిణంగా వస్తాండారు, ఎండ ఎడమపక్కోళ్లను కొడతాది." అంత్యక్రియల పొద్దున బస్సెక్కి నేను కుడివైపే కూర్చున్నాను. ఎడమవైపు సీట్లలో ఎండకు కళ్లు చిట్లించుకుంటున్నవాళ్లను చూశాక సారు గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

సారు ఇంటి ముందు వీధికి ఒక పక్కన మద్దిలేటి ఇంటివాళ్లు, రెండో పక్కన చేను తగాదాలోని అవతలి ఇంటివాళ్లు నిలబడి ఉన్నారు. ఎదుటివాళ్ల ముఖాలు కాదు, నడుముల దగ్గర చేతులు ఎక్కడున్నాయో చూసుకుంటున్నారు. లోపల పాస్టరు గారు ప్రార్థన ముగించారు. అప్పుడు మద్దిలేటి ఒక్కడే గుమ్మం దాటి వచ్చాడు. జుట్టు నెరిసింది. శవపేటిక వైపు కాసేపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆయప్ప నీకన్నా చెప్పినాడా? మేము యా దేశమో?"

బయట వీధి రెండు వైపులవాళ్లూ వినడానికి గుమ్మం దగ్గరికి జరిగారు. బల్ల మీది గ్లోబును తిప్పి సొట్ట అతని వైపు పెట్టాను.

"సారు మిమ్మల్ని గురించి రాసింది ఒక్కసారే అన్నా. అది ఈ సొట్ట గురించే."

మద్దిలేటి వంగి, మిగిలిన కంటిని దగ్గరగా పెట్టి చూశాడు. సొట్టలో బొటనవేలు పెట్టాడు. పెట్టె ఎత్తడానికి బయటి నుంచి ఎవరో పిలుస్తున్నారు. అతను వేలు తీయలేదు.