మా పెరట్లో ఖడ్గమృగం

ఆ రోజుల్లో యానాంలో పెద్ద బండ్లన్నీ కాగితాల మీద కాపురం ఉండేవి. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పాండిచ్చేరి సర్కారు కింద మేము. మా దగ్గర బండి పన్ను తక్కువని ఎక్కడెక్కడి ఆసాములూ తమ కార్లకి మా ఊరి నంబరు వేయించుకునేవారు. నంబరు కావాలంటే ఊళ్ళో ఒక అడ్రసు ఉండాలి కదా, ఆ పుణ్యం కట్టుకోవడానికి మాలాంటి చుట్టాలం ఉండేవాళ్ళం. సైకిలు హ్యాండిలు పక్కకి తిప్పి లోపలికి ఈడ్చుకోవాల్సిన ఇళ్ళలో కూడా, రికార్డుల ప్రకారం, రెండేసి కార్లు పడుకునేవి. మా ఫరంపేట ఇంట్లో అయితే ఏడు ఉండేవి. (ఏడు కాదు, ఒకటే. ఈ వయసులో చెయ్యి కాస్త ముందుకి తూలుతుంది, క్షమించాలి.) నేనప్పుడు కుర్రవాణ్ణి. అంటే అరవై నిండి, సర్కారు బడిలో డ్రాయింగు మాస్టారుగా రిటైరై ఏడాది దాటలేదు. అయినా పక్కింటి గేదెల అత్త నన్నింకా "అబ్బాయ్" అనే పిలిచేది, కాబట్టి నా కుర్రతనానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మా చెల్లెలి కొడుక్కి గోదావరి అవతల రొయ్యల చెరువులున్నాయి. ఆ ఏడాది చెరువులు కలిసొచ్చి, కొరియా వాళ్ళ రెక్స్‌టన్ అనే బండి కొన్నాడు. ఏడుగురు కూర్చునేది, ఎక్కాలంటే మెట్టు మీద కాలు పెట్టాలి. ఒకరోజు పొద్దున్నే వచ్చి ఒక ఫారం నా ముందు పెట్టి, "మావయ్యా, ఇక్కడొక్క సంతకం" అన్నాడు. మేనల్లుడు మాతోనే నివాసం ఉంటున్నాడనీ, సదరు వాహనం మా ఇంటి ఆవరణలోనే ఉంచబడుననీ అందులో రాసుంది. మా ఇంటికొచ్చే సందు వెడల్పు ఐదడుగులు, బండి వెడల్పు ఆరడుగుల పైచిలుకు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి స్కేలు పట్టడం నేర్పినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదనడానికి వీల్లేదు. అయినా సంతకం చేశాను. కింద ఒక వంపు గీత కూడా గీశాను, అందంగా ఉంటుందని.

సిరా ఆరకముందే ఊళ్ళో ఆ బండి నాదైపోయింది. కొత్త నంబరు ప్లేటుతో నేను ముందు సీట్లో కూర్చుని ఫరంపేట నుంచి అడవిపొలం మీదుగా దరియాలతిప్ప దాకా ఊరేగితే, దారిలో జనం లేచి నిలబడ్డారు. (నిజం చెప్పాలంటే అడవిపొలం దాకానే వెళ్ళాం. ముందు సీట్లో రొయ్యల మేత బస్తాలుంటే నేను వెనక ఒదిగి కూర్చున్నాను. లేచినవాడు ఒకే ఒక్కడు, అదీ గుంటలో నీళ్ళు పంచె మీద చిందుతాయని.) ఆ సాయంత్రమే బండి గోదావరి దాటి వెళ్ళిపోయింది. తర్వాత ఎవరైనా మాస్టారూ, బండేదండీ, ఆస్పత్రికో పెళ్ళికో ఒకసారి కావాలీ అని అడిగితే, కొరియా ఇంజను, దానికి విశ్రాంతి ఇవ్వాలి, ఊరికే కదల్చకూడదు అని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

బండి లేని లోటు చరిత్రతో పూడ్చాను. మేనల్లుడు ఇచ్చిన కంపెనీ వాళ్ళ రంగుల పుస్తకం, సెల్‌ఫోనులో చదివింది, నా సొంత బుద్ధి మూడూ కలిపి పాత క్యాలెండరు వెనక ఆ బండి వంశవృక్షం గీసి టీకొట్టులో పాఠం చెప్పేవాణ్ణి. మూలపురుషుడు ముస్సో. కొరియా భాషలో ముస్సో అంటే ఖడ్గమృగం. ఒళ్ళు కొరియాది, గుండెకాయలాంటి ఇంజను జర్మనీ వాళ్ళ పనితనం. ఇంతవరకూ నిజమే. కొరియా రాజుగారు దానిమీద ఖడ్గమృగాన్ని తరుముతూ అడవిలోకి వెళితే, మృగమే అలిసిపోయి కూర్చుందన్నది మాత్రం టీ రెండోసారి తెప్పించడానికి నేను చేర్చుకున్నది. ఆ ముస్సో వంశంలో సంసారపక్షంగా, మర్యాదగా ఎదిగినవాడు మా రెక్స్‌టన్. మరో శాఖవాళ్ళు బరువులు మోసేవాళ్ళు. ఇంటి వెనకగది పడగొట్టించి అరుగు కట్టించుకున్నట్టు, బండి వెనకభాగం తీసేసి సామాను వేసుకునే తొట్టి పెట్టించుకున్నారు. వాటినే పికప్పులంటారు. కంపెనీ కూడా ఒకచోట కుదురుగా ఉండలేదు. చేతులు మారి చైనా వాళ్ళింటికి దత్తతకెళ్ళింది, అక్కణ్ణుంచి మన దేశం వాళ్ళింటికొచ్చింది, తర్వాత మళ్ళీ కొరియా గడపే తొక్కింది. ఎన్ని గోత్రాలు మారినా వంశం నిలబడింది. ఈమధ్య ఆ పికప్పు మనవడికి తాత పేరే పెట్టారట, ముస్సో అని. కొరియా వాళ్ళు మనకి చుట్టాలేమోనని నాకు అనుమానం.

ఇలా పాఠాలు సాగుతుండగా, బండ్ల ఆఫీసు వాళ్ళు ఇంటింటికీ వచ్చి ఫలానా అడ్రసులో ఫలానా బండి ఉందో లేదో చూస్తారని కబురు పుట్టింది. సంతకం అబద్ధమని తేలితే మేనల్లుడి బండి ఆగిపోతుంది. నా పింఛను కూడా ఆగిపోతుందని టీకొట్టులోనే ఎవరో అన్నారు. నా శిష్యుడే అయ్యుంటాడు, అంత ధీమాగా అబద్ధం చెప్పడం నా దగ్గరే నేర్చుకోవాలి. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా, "బండి పెరట్లో ఉందని రాశారుగా. అయితే పెట్టండి" అంది. ఎత్తిపొడుపో సలహానో తెలియలేదు కానీ, నేను సలహాగా తీసుకున్నాను.

సందులోంచి బండి రాదు. గేదెల అత్త వాకిలి మాత్రం పెద్దరోడ్డు మీదకి ఉంది, గడ్డి ట్రాక్టరు పట్టేంత గేటుంది. ఆవిడ పెరడుకీ మా పెరడుకీ మధ్య ఒక్క గోడ అడ్డం. ఆ గోడ కాస్త పడగొడితే బండి అత్త వాకిట్లోంచి తిన్నగా మా పెరట్లోకి వచ్చేస్తుంది. గోడ పాతది, గేదెలు ఒళ్ళు రుద్దుకుని ఒకపక్కకి ఒరిగిపోయింది. కొత్త ఇటుకలతో కట్టించి ఇస్తానని మేనల్లుడు ఒప్పుకుంటే, అత్త నా మొహం కాసేపు చూసి సరేనంది. నలభైమంది కూలీలు ఒక్క పూటలో గోడ నేలమట్టం చేశారు. (ముగ్గురు. నేను టేపు పట్టుకున్నాను.) మధ్యాహ్నానికి రెక్స్‌టన్ బాదంచెట్టు పక్కన నిలబడింది. పెరడు మొత్తం అదే అయిపోయింది. బట్టలుతికే రాయి దగ్గరకి వెళ్ళాలంటే మా ఆవిడ ఒక తలుపులోంచి ఎక్కి రెండో తలుపులోంచి దిగేది.

మర్నాడు పొద్దున్న గళ్ళచొక్కా ఆయనొకడు చేతిలో రిజిస్టరుతో మా గుమ్మంలో నిలబడి, ఇంట్లో టైర్లేమైనా ఉన్నాయాండీ అని అడిగాడు. నేలమీద నాలుగున్నాయి, ఐదోది అదనంగా ఉంది, చూద్దురుగాని రండి అని పెరట్లోకి తీసుకెళ్ళి, క్యాలెండరు విప్పి, ముస్సో దగ్గర్నుంచి మొదలెట్టాను. ఆయన చాలా మంచివాడు. రాజుగారి వేట దాకా విన్నాడు, మజ్జిగ తాగాడు, చివర్లో నెమ్మదిగా, "అయ్, నేను దోమల మందాయన్నండీ. పాత టైర్లలో నీళ్ళు నిలవున్నాయేమో చూడ్డానికొచ్చాను" అన్నాడు. పోతూ పోతూ బండి కింద వంగి చూసి, నీళ్ళు లేవని రాసుకున్నాడు.

అంటే అసలు వాళ్ళు ఇంకా రాలేదు, బండి ఉండి తీరాలి. గోడకి మాత్రం ఆగే వీల్లేదు. తెల్లారేసరికే అత్త గేదె ఒకటి మా పెరట్లోకొచ్చి మా ఆవిడ బచ్చలిపాదు మొదలంటా తినేసింది. గోడ కట్టాల్సిన మేస్త్రికి మర్నాటి నుంచి దరియాలతిప్పలో పని ఉందట. అత్త అతణ్ణి నిలబెట్టి ఆ సాయంత్రానికే గోడ పూర్తిచేయించింది. గోడకి ఇవతల నేను, మా ఆవిడ, రెండు టన్నుల పైబడిన ఖడ్గమృగం మిగిలాం.

మేనల్లుడు తాళం నాకిచ్చి, ఇంజను ముట్టుకోనని ఒట్టేయించుకుని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. మా ఆవిడ బండి మూత మీద వడియాలు పెట్టేది, అక్కడ రెట్టింపు వేగంగా ఎండేవి. నేను రోజూ కాఫీ గ్లాసుతో ఎక్కి చక్రం ముందు కూర్చునేవాణ్ణి. అద్దాలు తుడిచేవాణ్ణి, ఎవరూ వెనక రావడం లేదని అద్దంలో చూసుకునేవాణ్ణి. ఒకరోజు కాకినాడ వెళ్ళొచ్చాను, ఇంకోరోజు పాండిచ్చేరి. దారిలో చెన్నపట్నం దగ్గర మా ఆవిడ అద్దం తట్టి ఉప్మా ఇచ్చింది.

తొమ్మిదో రోజున అసలు ఆఫీసు వాళ్ళు వచ్చారు, ఇద్దరు. సందులోంచి నడిచొచ్చి, పెరట్లో బండి చూశారు. నంబరు సరిపోయింది. ఒకాయన చుట్టూ ఉన్న గోడలు చూశాడు, తాము వచ్చిన సందు చూశాడు, మళ్ళీ బండి చూశాడు. "ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందాండీ?" అన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, అంగుళం కదలదండీ అన్నాను. మరి లోపలికెలా వచ్చిందని రెండో ఆయన అడిగితే, గోడకంటే బండే ముందునుంచీ ఉందని చెప్పాను. నా జన్మలో వరసగా రెండు నిజాలు చెప్పింది ఆ రోజే. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. చెరువులో రొయ్యలు పట్టే పని ఉంది, మనుషుల్నీ సామాన్లనీ తిప్పాలి, బండి ఆ పూటే కావాలి. దరియాలతిప్ప నుంచి మేస్త్రిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అందరం గోడ దగ్గర నిలబడ్డాం. గేదెల అత్త అవతలివైపు పీట వేసుకుని కూర్చుని, గోడ తీయిస్తాలే గాని ముందు ఆ బండి ఎవరిదో చెప్పమంది. నేను నవ్వి, మనదే కదత్తా అన్నాను. అత్త నవ్వలేదు.

"కంటి ఆపరేషనుకి కాకినాడ బస్సులో ఎల్లానురా అబ్బాయ్. ఒచ్చేప్పుడు కట్టుతోటి నిలబడే ఒచ్చాను. అంత బండెట్టుకుని, రా అత్తా దింపుతానని ఈడొక్కమాట అన్లేదే అనుకున్నాను. నీది కాపోతే కాదని చెప్పెయ్యి. నా మనసులోది పోద్ది."

నేను వెంటనే చేతులు జోడించి, వీధంతా వినేలా నిజం ఒప్పేసుకున్నాను. (లేదు. చాలాసేపు ఇటుకలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను. మా ఆవిడ సాయం వస్తుందేమోనని చూశాను, ఆవిడ రాలేదు. మేనల్లుడు వాచీ చూసుకున్నాడు.) "నాది కాదత్తా" అన్నాను చివరికి. ఎంత నెమ్మదిగా అన్నానంటే అత్త "ఆఁ?" అంది. రెండోసారి చెప్పినప్పుడు మేస్త్రికి కూడా వినపడింది. "అడ్రసొక్కటే నాది."

"మరదే. అప్పుడే అనుంటే, దారి పొడుగునా నిన్ను తిట్టుకుంటా ఎల్లేదాన్ని కాదు కదా" అని అత్త పీట మీంచి లేచింది.

గోడ మళ్ళీ పడింది. బండి వెనక్కి వెనక్కి నడిచి అత్త వాకిట్లోకి వెళ్ళింది. మేనల్లుడు అంత తొందరలోనూ ముందు తలుపు తీసి, నది గట్టు దాకా తిప్పి దింపేస్తాను, ఎక్కు అత్తమ్మా అన్నాడు. అత్త చెప్పులు కిందే విడిచి ఎక్కింది. వాళ్ళు వెళ్ళాక నేను ఆ చెప్పులు తీసి పక్కన పెట్టి, మేస్త్రికి ఇటుకలు అందించడం మొదలెట్టాను.

సగం గోడ లేచాక మేస్త్రి తాపీ ఆపి, "మాస్టారండీ, మళ్ళీ మళ్ళీ పగలగొట్టుకోడం ఎందుకండీ, ఈసారి ఒక గేటెట్టేద్దామా?" అన్నాడు. అత్త తిరిగొచ్చి, గేదెలు రాకుండా గెడ ఉంటే తనకేం అడ్డం లేదంది. ఎంత వెడల్పు పెట్టమంటారని మేస్త్రి అడిగాడు. ఇంత జరిగాక బుద్ధొచ్చినవాణ్ణి కదా, మనిషి పట్టేంత, రెండున్నర అడుగులు చాలన్నాను.

(ఆరున్నర అన్నాను. ఎందుకైనా మంచిదని. ఆ గేటు ఇప్పటికీ ఉంది. డెబ్భై దాటినవాణ్ణి, పొద్దున్నే రెండు రెక్కలూ బార్లా తెరిచి, కర్ర పోటేసుకుంటూ, ఎటుపక్కా రాసుకోకుండా జాగ్రత్తగా మధ్యలోంచి వచ్చి, గేదెల అత్త దగ్గర పాలు పోయించుకుపోతుంటాను.)